గోదావరి మొగ దగ్గర ఊరంతా కలిసి ఏళ్ళ తరబడి కొలతలు తీయడం ఎలా?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆగస్టులో గోదావరి జిల్లాల్లో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఈ అంకెలు ఎవరో ఒకరి నోట వినపడతాయి. 1986లో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిందని, 2022 జులైలో 25 లక్షలు దాటిందని పోల్చి చెప్పేవాళ్ళూ ఉంటారు. ఆ పోలిక కుదిరింది ఎందుకంటే, ఎవరో ఒకే చోట, ఒకే స్కేలు మీద ఏళ్ళ తరబడి చూసి రాసిపెట్టారు.

అదే మనిషిని యానాం దిగువన మీ ఊరి ఏరు పదేళ్ళ కిందట ఏప్రిల్లో ఎంత ఉప్పగా ఉండేదో అడిగి చూడండి. "అప్పుడు ఇంత ఉప్పు లేదండీ" అంటాడు. ఎంత అని గుచ్చి అడిగితే చెయ్యి తిప్పేస్తాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, రాసిపెట్టినవాళ్ళే లేరు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం లాంటి సంస్థలు తీరం పొడవునా నీటి నమూనాలు తీస్తాయి, ఒడ్డు కోతను ఉపగ్రహ చిత్రాల్లో చూస్తాయి. కానీ మీ ఊరి పాయలో, మీ రేవు పక్కన పదిహేను రోజులకోసారి ఏం జరుగుతోందో చూడడం వాళ్ళ వల్ల అయ్యేది కాదు. ఆ పని ఊళ్ళో వాళ్ళు, దగ్గర్లోని కాలేజీ వాళ్ళు కలిసి చేసుకోవాల్సిందే.

ఇక్కడ ఉదాహరణకు గోదావరిలో గౌతమి పాయను తీసుకుంటున్నాను. కోటిపల్లి, యానాం, కోరంగి, భైరవపాలెం మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు), ఉత్తరాన ఉప్పాడ ఒడ్డు. అంతర్వేది దగ్గర వశిష్ఠకైనా, హంసలదీవి దగ్గర కృష్ణకైనా ఇదే పద్ధతి కొద్ది మార్పులతో సరిపోతుంది.

ముందు ప్రశ్న రాసుకోండి

"కాలుష్యం చూద్దాం" అన్నది ప్రశ్న కాదు. "ఎండాకాలంలో ఉప్పునీరు ఏ ఊరి దాకా ఎగబాకుతోంది?" అన్నది ప్రశ్న. "నాటిన మడ మొక్కల్లో అయిదేళ్ళకి ఎన్ని బతికాయి?", "మా ఊరి ముందు ఇసుక ఏటా ఎంత పోతోంది, ఎంత తిరిగి వస్తోంది?" కూడా ప్రశ్నలే. ఒకటి తీసుకోండి, మరీ ఉత్సాహంగా ఉంటే రెండు. ఒక్కో ప్రశ్నకి మూడు నాలుగు కొలతలు మించకూడదు.

ఎంత పని పెట్టుకోవాలో తేల్చడానికి ఒక లెక్క ఉంది. పరీక్షలు నడుస్తున్నాయి, జట్టులో ఇద్దరికి జ్వరం, పడవ ఇంజను చెడిపోయింది. అలాంటి నెలలో కూడా ఏది చేయగలరో అదే మీ కార్యక్రమం. మొదటి నెల ఊపులో ఇరవై కొలతలు మొదలుపెట్టి రెండో ఏడాదికి మూడుకి దిగిన జట్లను చూశాను. మిగిలిన పదిహేడూ ఎందుకూ పనికిరాకుండా పోతాయి.

జట్టు ఎవరు?

సాధారణంగా జరిగేది ఇది: చదువుకున్నవాళ్ళు పరికరం పట్టుకుంటారు, వేటకు వెళ్ళేవాళ్ళు పడవ నడుపుతారు. ఆర్నెల్లు పోయాక పడవ నడిపే ఆయనకి విసుగొస్తుంది, నిజానికి రావాలి కూడా. ఏట్లో ఏ గట్టు ఎప్పుడు తెగింది, అడుగు ఎక్కడ మేట వేసింది, ఏ గాలికి నీరు రంగు మారుతుంది అన్నవి ఆయనకి తెలిసినంత మనకు తెలియదు. ఎక్కడ కొలవాలన్నది తేల్చే రోజునే ఆయన్ని కూర్చోబెట్టండి. పరికరం ఆయన చేతికివ్వండి, రిజిస్టరులో ఆయన పేరు రాయండి. పీతలు, గుల్లలు ఏరుకునే ఆడవాళ్ళని తప్పకుండా కలుపుకోండి. బురద నేల మీద రోజూ నడిచేది వాళ్ళే. మడ మొక్క ఎక్కడ కొత్తగా మొలిచిందో ముందు కనిపెట్టేదీ వాళ్ళే.

విద్యార్థులు మూడేళ్ళకి వెళ్ళిపోతారు. అందుకని మొదటి ఏడాది వాళ్ళని, చివరి ఏడాది వాళ్ళని జంటగా పంపాలి. ఎటూ కదలని మనిషి కూడా ఒకరు ఉండాలి. హైస్కూలు సైన్సు మాస్టారు, ఆక్వా ల్యాబు నడిపే కుర్రాడు, పంచాయతీ ఆఫీసులో పనిచేసే ఆవిడ, ఎవరైనా సరే. రిజిస్టర్లు ఆ మనిషి ఇంట్లో ఉంటాయి.

డబ్బు సంగతి మొదటి రోజే మాట్లాడుకోండి. పడవ, డీజిలు, ఒక పూట వేట మానుకున్నందుకు కూలి, ఈ మూడూ ఇవ్వాలి. "సేవ కదా" అని ఊరుకుంటే రెండో ఏడాది పడవ దొరకదు.

అనుమతులు

కోరంగి మడ అడవి 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. హోప్ ఐలాండ్ కూడా అందులోదే. లోపల ఏ కొలత తీయాలన్నా అటవీశాఖ వన్యప్రాణి విభాగం నుంచి రాతపూర్వక అనుమతి కావాలి. చెట్టుకి రేకు కొట్టడానికైనా, బురదలో పైపు పాతడానికైనా అంతే. దరఖాస్తులో చోట్లు, తేదీలు, మనుషుల సంఖ్య స్పష్టంగా రాసి, ప్రతి ఏడాది లెక్కల కాపీ ఇస్తామని కూడా రాయండి. అలా రాస్తే పని త్వరగా అవుతుందని నా అనుభవం. యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది కాబట్టి అక్కడి అధికారులకి వేరే ఉత్తరం పెట్టాలి. కాకినాడ పోర్టు చుట్టుపక్కల, గ్యాసు, చమురు కేంద్రాల దగ్గర డ్రోను ఎగరేయాలన్న ఆలోచన మానుకోండి.

అనుమతి రావడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా అభయారణ్యం బయట వంతెన మీద, రేవులో, ఊరి ఒడ్డున పని మొదలుపెట్టొచ్చు.

ఎక్కడ కొలవాలి?

ఉప్పునీటి ప్రశ్నకైతే తీపినీటి నుంచి సముద్రం దాకా ఒక వరసలో నాలుగైదు చోట్లు చాలు. కోటిపల్లి రేవు, ఎదుర్లంక–యానాం వారధి, కోరంగి వైపు పాయ, మొగకి దగ్గర్లో భైరవపాలెం. వంతెన ఒక వరం. పడవ లేకుండానే ఏటి నడిమధ్య నుంచి తాడుతో నీరు తోడుకోవచ్చు. ఒడ్డు దగ్గర తోడిన నీరు ఏటి సంగతి చెప్పదు. పక్కన రొయ్యల చెరువు కాలువ పడుతుంటే ఆ చెరువు సంగతి చెబుతుంది. అలాంటి చోట కొలవాలంటే అది వేరే ప్రశ్న అని తెలిసి కొలవండి.

ప్రతి చోటుకీ ఒక గుర్తు రాయండి. ఫోనులో వచ్చే అక్షాంశ రేఖాంశాలు ఎలాగూ రాస్తారు, కానీ అవి కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతాయి. "యానాం వైపు నుంచి ఆరో స్తంభం, దిగువ వైపు రెయిలింగు, ఎర్ర రంగు గీత" అని కూడా రాసి, ఫోటో తీసి అంటించండి.

తిథి పట్టుకుంటే సగం పని అయినట్టే

మొగ దగ్గర నీరు రోజుకి రెండుసార్లు పోటు మీద ఎక్కుతుంది, రెండుసార్లు పాటు మీద దిగుతుంది. పుస్తకాల్లో ఆటు అనే దాన్ని ఇక్కడ పాటు అంటారు. పొద్దున పోటు మీద తోడిన నీటికీ, మధ్యాహ్నం పాటు మీద తోడిన నీటికీ ఉప్పులో ఎంతో తేడా ఉంటుంది. కాబట్టి "ప్రతి నెలా 1వ తేదీ ఉదయం 10 గంటలకి" అని పెట్టుకుంటే ఒక నెల పోటుని, ఇంకో నెల పాటుని కొలుస్తారు. ఏడాది తిరిగాక గ్రాఫు గీస్తే అందులో ఎగుడుదిగుళ్ళు తప్ప ఏమీ కనపడదు.

పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది. అలా జరిగి జరిగి అదే తిథికి మళ్ళీ దాదాపు అదే వేళకి చేరుతుంది. వేటగాళ్ళకి ఇది తరతరాలుగా తెలిసిన లెక్క. అమావాస్య, పౌర్ణమి వెళ్ళాక విదియ, తదియ నాటికి పెద్ద పోటు. అష్టమి, నవమి వెళ్ళాక చిన్న పోటు. మీ కొలతల రోజుని క్యాలెండరు తేదీకి కాకుండా తిథికి కట్టండి. ఉదాహరణకి ప్రతి పౌర్ణమి తరవాత విదియ నాడు, పోటు నిండి నీరు నిలిచినప్పుడు ఒకసారి, పాటు పూర్తయి నీరు నిలిచినప్పుడు ఒకసారి. ఇలా చేస్తే గడియారం వేళ కూడా ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. పని పగటిపూట పడే తిథినే ఎంచుకోండి.

పోటు వేళలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ముందుగానే ప్రకటిస్తుంది. కానీ కాకినాడ వేళ యానాంకి పనికిరాదు. ఏరు ఎక్కి రావడానికి నీటికి టైము పడుతుంది. అందుకని మొదలుపెట్టే ముందు ఒక రోజంతా దీనికే పెట్టుకోండి. ప్రతి చోటా అంగుళాల గీతలున్న కర్ర నీళ్ళలో పాతి, అరగంటకోసారి 13 గంటల పాటు నీటిమట్టం రాయండి. కాకినాడ వేళకి మీ చోటు ఎంత వెనకో తేలిపోతుంది. విసుగు పుట్టించే పనే, కాదనను. మజ్జిగ, పులిహోర, గొడుగు తీసుకెళ్ళండి.

ఒక కుర్రాడు గడియారం చూసి సీసా దించబోతుంటే పడవ మీది పెద్దాయన, "పాటు ఇంకా లాగుతోంది బాబూ, కాసేపాగు" అన్నాడు. "టైమైపోయింది కదా బాబాయ్" అన్నాడు వీడు. "ఆ చెత్త చూడు, ఇంకా మొగ వైపే పోతోంది." నీటి మీద తేలే ఆకో అలమో ఏ పక్కకీ కదలకుండా ఆగినప్పుడే నీరు నిలిచినట్టు. కాగితం మీద వేళ కంటే అదే నమ్మకం.

నీటిని కొలవడం

ఉప్పు: చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరు చాలు. రొయ్యల రైతుల దగ్గర, ఆక్వా షాపుల్లో దొరుకుతుంది. "సెలినిటీ ఎంత" అని వాళ్ళు పీపీటీల్లో (వెయ్యి భాగాల నీటిలో ఎన్ని భాగాల ఉప్పు) చెప్పేది దీంతోనే. గాజు మీద రెండు చుక్కలు వేసి, వెలుతురు వైపు పెట్టి గీత చదవడమే. కొలిచే ప్రతి రోజూ ముందు డిస్టిల్డు వాటరు చుక్క వేసి గీత సున్నా మీద నిలిచిందా చూడాలి. లేకపోతే మర తిప్పి సరిచేయాలి. ఎంత జరిపారో అదీ రాయాలి. కొళాయి నీరు, మినరల్ వాటరు ఈ పనికి పనికిరావు.

సముద్రపు నీరు సాధారణంగా 35 పీపీటీ దగ్గర ఉంటుంది. వరదలప్పుడు నదులు పోసే నీటి వల్ల మన బంగాళాఖాతం ఒడ్డున అది బాగా తగ్గుతుంది. జులై–సెప్టెంబరు వరదలో గౌతమి మొగ దాకా తీపినీరే పారుతుంది. బ్యారేజీ నుంచి వదిలే నీరు సన్నబడ్డాక, ఎండాకాలంలో సముద్రం పైకి ఎక్కుతుంది. ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. ఉప్పునీరు బరువు. అది తీపినీటి అడుగున నాలుకలా పైకి పాకుతుంది. పైన తోడిన బకెట్లో 4 పీపీటీ ఉండగా అడుగున 20 ఉండొచ్చు. కాబట్టి ప్రతి చోటా రెండు నమూనాలు: ఒకటి పైన ఒక జానెడు లోతులో, ఒకటి అడుగుకి అర మీటరు పైన.

అడుగు నీరు తోడడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. బరువు కట్టిన గాజు సీసా, దానికి బిగువుగా పట్టే బిరడా, సీసాకి ఒక తాడు, బిరడాకి ఇంకో సన్న తాడు. లోతుకి దించాక బిరడా తాడు గట్టిగా లాగితే సీసా అక్కడి నీటితో నిండుతుంది. బుడగలు ఆగాక పైకి లాగండి. తాడు మీద మీటరుకో ముడి వేసి, ఏడాదికోసారి టేపుతో సరిచూడండి. తాళ్ళు సాగుతాయి.

తేట: 20 సెంటీమీటర్ల గుండ్రటి పలక, నాలుగు భాగాలుగా నలుపు తెలుపు రంగులు, కింద బరువు. ఇలాంటి తెల్ల పలకని 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ మతగురువు మధ్యధరా సముద్రంలో వాడి చూశాడు. ఇప్పటికీ అంతకంటే చవకైన, చెడిపోని పరికరం ఇంకోటి రాలేదు. పడవ నీడ పడే వైపు దించి, కనపడకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్ళీ కనపడిన లోతు చూసి, రెండింటి సగటు రాయండి. చలవ కళ్ళద్దాలు తీసేయాలి. పలక అడుగుకి తగిలినా ఇంకా కనపడుతుంటే అంకె వేయకుండా "అడుగు దాకా కనపడింది, లోతు ఇంత" అని రాయండి. అది వేరే సంగతి.

ఆక్సిజను: తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలితే రైతుకి ఎంత టెన్షనో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. రాత్రంతా ఊపిరి పీల్చే ప్రాణులే తప్ప ఎండ లేక ఆక్సిజను తయారుకాదు. అందుకే పొద్దుటి వేళ అది తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. వేళ స్థిరంగా పెట్టుకోలేకపోతే ఈ కొలతే వద్దు. మీటరుకి మాటిమాటికీ పొర మార్చాలి, సరిచూడాలి. అంత ఓపిక ఉంటేనే కొనండి. లేదంటే నమూనాలో ఆక్సిజను మారకుండా సీసాలోనే మందు వేసి, ఆక్వా ల్యాబులో టైట్రేషను (మందు చుక్కలు వేసి లెక్కకట్టే పరీక్ష) చేయించొచ్చు.

వీటితో పాటు, ఆ రోజు ధవళేశ్వరం నుంచి సముద్రంలోకి ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లో చూసి అదే వరసలో రాయండి. ఇది మరిచిపోతే మీ ఉప్పు లెక్కకి అర్థం ఉండదు. వానలు తక్కువ పడిన ఏడాది ఉప్పు పెరగడం వేరు, నీరు అంతే వదిలినా ఉప్పు పెరగడం వేరు.

మడ చెట్లు

ఏడాదికి ఒక్కసారి, ఫిబ్రవరిలో పెట్టుకోండి. గుబురుగా పెరిగిన అందమైన చోటు చూసి గడి గీయకండి, అందరూ చేసే తప్పు అదే. పాయ ఒడ్డు నుంచి లోపలికి నేరుగా ఒక గీత అనుకొని, దాని మీద సమాన దూరాల్లో 10 మీటర్ల చదరపు గళ్ళు మూడు తీసుకోండి. నాలుగు మూలలా పైపులు పాతండి. ప్రతి చెట్టుకీ నంబరు రేకు, జాతి పేరు, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున చుట్టుకొలత. ఊతవేళ్ళు ఉండే పొన్నకైతే పై ఊతవేరు మొదలయ్యే చోటుకి 30 సెంటీమీటర్ల పైన. కొలిచిన చోట రంగు గీత పెడితే వచ్చే ఏడు వెతుక్కోనక్కర్లేదు. మోకాలి కంటే చిన్న మొక్కల్ని లెక్కపెడితే చాలు.

పేర్లు ఊరి పేర్లే రాయండి: మడ, తిల్ల, కళింగ, గుగ్గిలం, పొన్న. పక్క ఊళ్ళో అదే పేరు వేరే చెట్టుకి ఉండొచ్చు కాబట్టి, ఆకు, పువ్వు, కాయ ఫోటోలతో ఒక అట్ట తయారుచేసి జట్టంతా దాన్నే వాడండి. తిల్ల పాలు కంట్లో పడితే ప్రమాదం, కొమ్మ విరవొద్దు. చచ్చిన చెట్టుని లెక్కలోంచి తీసేయకండి. "చచ్చింది" అని రాసి నంబరు అలాగే ఉంచండి. బతికినవాటితో పాటు పోయినవీ తెలియాలి కదా. ఒకప్పుడు నరికేసిన చోట్ల చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు పారించి మడని మళ్ళీ పెంచారు. మీ ఊళ్ళో అలాంటి చోటుంటే ఒక గడి అక్కడ, ఒక గడి పాత అడవిలో పెట్టండి. ఆ రెండింటి పోలిక మంచి కథ చెబుతుంది.

ఒడ్డు కోత

1990 నుంచి 2018 వరకు చూస్తే ఆంధ్రప్రదేశ్ తీరంలో 28.7 శాతం కోతకి గురవుతోందని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క. ఉప్పాడలో ఇళ్ళు, రోడ్డు పోవడం అందరం చూస్తున్నదే. కానీ ఒడ్డు ఏటా ఒకే తీరున వెనక్కి పోదు. తుఫానుకి ఒక్క రాత్రిలో పోయిన ఇసుక కొంత నెలల తరబడి తిరిగి వస్తుంది. అందుకే తుఫాను మర్నాడు తీసిన ఫోటో ఒక్కదాన్నే పట్టుకుని మాట్లాడితే తప్పు.

దీనికి 1961లో ఎమెరీ అనే సముద్ర భూగర్భ శాస్త్రవేత్త చెప్పిన రెండు కర్రల పద్ధతి ఉంది. 1.5 మీటర్ల కర్రలు రెండు, పై నుంచి కిందికి సెంటీమీటర్ల గీతలు, మధ్యలో 1.5 మీటర్ల తాడు. ఒడ్డున కదలని గుర్తు దగ్గర ఒక కర్ర, సముద్రం వైపు తాడు బిగువుగా రెండో కర్ర. ఒడ్డు వైపు కర్ర పట్టుకున్న మనిషి ఎదురు కర్ర కొననీ, దూరాన నీరు–ఆకాశం కలిసే గీతనీ ఒక వరసలోకి తెచ్చి చూడాలి. ఆ చూపు తన కర్రని పై నుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర తాకితే నేల అంత దిగినట్టు. ఎదుటి నేల ఎత్తుగా ఉంటే తన కర్ర కొన మీదుగా చూసి, ఎదుటి కర్ర మీద చదవాలి, అప్పుడు నేల అంత ఎక్కినట్టు. ఒక తాడు దూరం ముందుకి, మళ్ళీ అదే. పాటు పూర్తయిన వేళకి నీటి అంచు దాకా. ఇద్దరు మనుషులు, అరగంట పని.

ఉప్పాడలాంటి చోట గుర్తుగా పెట్టుకున్న గోడే సముద్రంలో కలిసిపోవచ్చు. కాబట్టి లోపలికి వంద మీటర్ల దూరంలో ఇంకో గుర్తు, దాని వెనక మరొకటి, మూడూ ఒకే వరసలో పెట్టుకుని వాటి మధ్య దూరాలు ముందే టేపుతో కొలిచి రాయండి. ఒకటి పోయినా లెక్క తెగదు.

ఫోటోలు కూడా పనికొస్తాయి, కెమెరా కదలకపోతే. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 2017లో మొదలైన కోస్ట్‌స్నాప్ పద్ధతిలో ఒడ్డున ఒక ఇనుప స్టాండు పాతుతారు. దారిన పోయేవాళ్ళు ఎవరైనా తమ ఫోను అందులో పెట్టి ఒకే కోణంలో ఫోటో తీసి పంపుతారు. మన దగ్గర ఒక సిమెంటు స్తంభానికి ఫోను పట్టే స్టాండు వెల్డింగు చేయించడానికి ఎంతసేపు?

చేపలు, పక్షులు

చేపల విషయంలో ఒక్కటే చెబుతాను. "ఈ రోజు ఎంత పడింది" అన్న అంకె ఒంటరిగా పనికిరాదు. ఎన్ని పడవలు, ఏ వల, ఎన్ని గంటలు, ఇవి పక్కన లేకపోతే చేప తగ్గిందో, వేట తగ్గిందో తెలియదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో పెద్ద బోట్లు ఆగుతాయి కాబట్టి అప్పటి సున్నాని సున్నాగా కాక "వేట లేదు" అని రాయాలి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న ఊళ్ళు కదా మనవి, పులస ధర మీద పేపర్లో వార్తలు వస్తూనే ఉంటాయి. మీరు ధర వదిలేసి, ఏటా వరదనీటికి మొదటి పులస ఏ తేదీన, ఏ రేవులో పడిందో రాయండి.

పక్షులకి కొత్త పద్ధతి కనిపెట్టొద్దు. 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది, కాకినాడ తీరంలోనూ చేస్తారు. అందులో చేరిపోండి. దూరాన ఇసుక తిప్ప మీద వాలిన ఉల్లంకుల్ని గుర్తుపట్టడం నెల రోజుల్లో వచ్చే విద్య కాదు.

రిజిస్టరు

గట్టి అట్ట రిజిస్టరు, పెన్సిలు. పెన్ను రాత నీటి చుక్కకి అలుక్కుపోతుంది. తేదీ, తిథి, వేళ, చోటు, పోటో పాటో, గాలి, వాన, ఎవరు కొలిచారు, ఏ పరికరం, అంకె. తప్పు రాస్తే చెరపకుండా ఒక గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం పెట్టండి. కొలవలేకపోతే ఖాళీ వదలకండి, సున్నా అసలే పెట్టకండి. "కొలవలేదు, తాడు తెగింది" అనండి. ఖాళీకీ, సున్నాకీ, కొలవలేదుకీ తేడా పదేళ్ళ తరవాత ఎవరూ చెప్పలేరు.

ఒడ్డు దిగకముందే పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. కంప్యూటరులో ఎక్కించేటప్పుడు ఒక వరస ఒక కొలత. అంకె నమ్మశక్యంగా లేకపోయినా తీసేయకండి. అక్కడే ఉండగా వింతగా అనిపిస్తే వెంటనే ఇంకోసారి కొలిచి రెండూ రాయండి. ఇంటికొచ్చాక అనుమానం వస్తే పక్క గడిలో "అనుమానం" అని రాస్తే చాలు.

ఆర్నెల్లకోసారి బకెట్ పరీక్ష పెట్టండి. ఒకే బకెట్ నీరు, అందరి పరికరాలు, అందరూ విడివిడిగా కొలిచి చీటీ మీద రాయాలి, పక్కవాళ్ళది చూడకుండా. చీటీలు విప్పే వేళ భలే సరదాగా ఉంటుంది. ఎవరి కొలత ఎటు జారుతోందో కూడా తెలుస్తుంది.

పరికరం మార్చేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఒకసారి మా పాత రిఫ్రాక్టోమీటరు గాజు పగిలితే ఆ రోజే కొత్తది కొన్నాం. ఆ నెల నుంచి అన్ని చోట్లా ఉప్పు 2, 3 పీపీటీలు పెరిగింది. ఏరు మారిందని మూడు నెలలు చర్చలు పెట్టుకున్నాం. చివరికి మారింది పరికరమే. పాతది లేదు కాబట్టి ఎంత తేడానో ఇప్పటికీ చెప్పలేం. అందుకే పాతది బాగున్నప్పుడే కొత్తది కొని, నాలుగైదు నెలలు రెండింటితోనూ కొలవాలి. మనుషులు మారినప్పుడూ అంతే.

ఎప్పుడు నోరు విప్పొచ్చు?

విశాఖపట్నంలో సముద్రమట్టం లెక్కలు 1937 నుంచి ఉన్నాయి. మన తీరంలో సముద్రం మార్చి ప్రాంతంలో తగ్గి, అక్టోబరు–నవంబరుకి బాగా పెరుగుతుంది. వాతావరణ మార్పు వల్ల ప్రపంచ సముద్రాలు పెరుగుతున్నది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు. ఈ ఏటేటా వచ్చే ఊపు ముందు అది చాలా చిన్నది. రెండేళ్ళ కర్ర కొలతలతో "సముద్రం పెరిగింది" అని ప్రెస్‌మీట్ పెడితే నవ్వులపాలవుతారు. ఒకే నెలని ఒకే నెలతోనే పోల్చండి. అయిదేళ్ళ లోపు "ఇలా ఉంది" అనండి, "మారింది" అనకండి.

అయితే అప్పటిదాకా ఊరికి ఏమీ చెప్పకుండా ఉండకూడదు. రేవు దగ్గర నల్లబల్ల పెట్టి కొలిచిన రోజు సాయంత్రమే అంకెలు రాయండి. పొలానికి నీరు పెట్టేవాడికి, చెరువుకి నీరు తోడుకునేవాడికి ఆ ఉప్పు అంకె ఆ పూటే అవసరం. జనం బల్ల దగ్గర ఆగి చూడడం మొదలయ్యాక, ఏ నెలైనా మీరు కొలవకపోతే వాళ్ళే అడుగుతారు.

కొన్ని మాత్రం బల్ల మీద రాయకూడదు, ఇంటర్నెట్‌లో అసలే పెట్టకూడదు. తాబేలు గుడ్లు పెట్టిన చోటు, బావురుపిల్లి కనిపించిన పాయ, వేటగాళ్ళు నమ్మి చెప్పిన చేపల చోట్లు. లెక్కలు ఎవరివి, ఎవరడిగితే ఇవ్వాలి, పరిశోధకుడు పేపరు రాసుకుంటే జట్టు పేరు వేయాలా, ఇవన్నీ మొదటి కొలత తీయకముందే ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి.

భద్రత మాట చివర్లో వచ్చిందని తేలిగ్గా తీసుకోవద్దు. ఈత వచ్చినా లైఫ్‌జాకెట్ వేసుకోవాలి. బురదలో కాళ్ళు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడిస్తే తోకలో ముల్లుండే టేకు చేప ముందే తప్పుకుంటుంది. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు ఏ కొలతా అక్కర్లేదు, "తుఫాను" అని రాసి ఇంట్లో ఉండండి.

బాధ్యత చూసే మనిషి మారే రోజు తప్పకుండా వస్తుంది. రిజిస్టర్లు, కర్రలు, పాస్‌వర్డు, పడవ ఆయన ఫోను నంబరు అప్పగించి ఊరుకోకండి. కొత్త మనిషిని వెంటబెట్టుకుని ఒక విదియ నాడు అన్ని చోట్లకీ తిరగండి. స్తంభం మీద ఎర్ర గీత ఏ పక్కన ఉందో, మూడో గడి పైపు ఏ మడ చెట్టు వెనక దాగిందో చేత్తో తాకించి చూపించండి. అవి కాగితం మీద ఎంత వివరంగా రాసినా దొరకవు.